ఎల్లలు దాటిన యాటపెట్టె



దేశములకు ఎల్లలుండుట యెఱుగుదుము. భాషలకును, నాణెములకును, కొలతలకును ఎల్లలుండుట యెఱుగుదుము. పిల్లలాడుకొను నాటకు సైతము ఎల్ల కలదనియు, ఆ యెల్లను కాపాడుటకై యాటవస్తువు కడుపులోనే యొక తాళమును దాచి యమ్మిరనియు మనలో ననేకు లెఱుగరు. ఆ తాళమేల పుట్టెను? ఎట్లు పనిచేసెను? జనులు దానిని ఎట్లు తెఱచిరి? తెఱచుట న్యాయమా, అన్యాయమా? ఈ నాలుగు ప్రశ్నలకును చరిత్ర యిచ్చు సమాధానమును నేటి ప్రసంగమున మనవి చేసెదను. ఇది పసివాండ్ర గొడవ గదా యని పెద్దలు చెవి త్రిప్పుకొనవలదు. వెలయిచ్చి కొన్న వస్తువుపై కొన్నవాని కెంత యధికారము కలదను పెద్ద ప్రశ్న యిందులో దాగియున్నది. అది ట్రాక్టరు కొన్న రైతునకును, సెల్‌ఫోను కొన్న కూలివానికిని ఎదురగు ప్రశ్నయే.

ముందుగా వస్తుస్వరూపమును తెలిసికొందము. వీడియో గేమ్ యంత్రమనునది టెలివిజనునకు తగిలించు నొక చిన్న పెట్టె. ఆట యా పెట్టెలో నుండదు. వేఱుగా నొక ప్లాస్టిక్ దిమ్మలో నుండును. మన పట్టణములలో పిల్లలు దానిని క్యాసెట్టని పిలిచెడివారు. పేరు క్యాసెట్టే కాని లోపల టేపు లేదు. ఆటను నింపుకొన్న చిప్పులుగల పలక యొకటి మాత్రము కలదు. ఆ పలక యంచున లోహపుపూతగల సన్నని పండ్లవరుస యుండును. దానిని పెట్టెలోని యఱలో దూర్చినప్పుడు ఆ పండ్ల ద్వారముననే పెట్టెకును క్యాసెట్టునకును మాటలు సాగును. ఇంతవఱకు సులభము. కాని జపానులో కొన్న క్యాసెట్టు అమెరికాలో కొన్న పెట్టెలో నాడదు. అమెరికాది ఐరోపాలో నాడదు. కొన్నవాడు దొంగ కాడు, సరకు నకిలీ కాదు, అయినను ఆడదు.

గుంతకల్లు జంక్షనును పూర్వము చూచినవారికి ఇట్టిది క్రొత్త కాదు. అచ్చట బ్రాడ్‌గేజి పట్టాలును మీటరుగేజి పట్టాలును కలిసికొనెడివి. ఒకదాని పెట్టె రెండవదానిపై నడువదు. ప్రయాణికుడు మూటలు దించుకొని బండి మాఱవలసినదే. అయితే అచ్చటి యడ్డు పట్టాల వెడల్పు ఒక్కటియే. ఆటపెట్టెల విషయమున అడ్డులు మూడు: టెలివిజను భేదమువలన కలిగిన యడ్డు మొదటిది; ఆకారభేదము రెండవది; బుద్ధిపూర్వకముగా బిగించిన తాళము మూడవది. ఈ మూడింటిని వేఱుచేసి చూడనియెడల ఈ చరిత్ర యంతయు గందరగోళముగా తోచును.

మొదటిది చూతము. టెలివిజను తెరపై బొమ్మ నిలుకడగా నున్నట్లు కనబడినను, అది క్షణక్షణమును మరల మరల గీయబడు గీతల సమూహము. అమెరికాలో ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనుకు 60 మాఱులు ఊగును. ఐరోపాలోను మన దేశమునను 50 మాఱులు. తొలినాటి టెలివిజను నిర్మాతలు ఆ లెక్కనే పట్టుకొనిరి. కావున అమెరికా టెలివిజను 525 గీతల బొమ్మను సగము సగముగా సెకనుకు 60 తడవలు గీయునదయ్యెను. ఐరోపా టెలివిజను 625 గీతల బొమ్మను 50 తడవలు గీయునదయ్యెను. అమెరికాలో 1953లో స్థిరపడిన రంగుల పద్ధతికి ఎన్‌టిఎస్‌సి యని పేరు. జపానును దానినే స్వీకరించెను. 1967లో పశ్చిమజర్మనీ, బ్రిటనులలో ఆరంభమైన పద్ధతికి పాల్ అని పేరు. మన దూరదర్శను 1982లో రంగులు చూపనారంభించినప్పుడు ఈ పాల్ పద్ధతినే చేపట్టెను. ఈ భేదమున ఎవరి దురుద్దేశమును లేదు. ఇది రెండు సీమల విద్యుత్తు నడకలోనుండి వచ్చినది.

ఇక మూడవదియైన తాళము సంగతి. జపానులోని క్యోటో నగరమున 1889లో పువ్వుబొమ్మల పేకముక్కలు చేయు దుకాణముగా పుట్టిన నింటెండో సంస్థ, 1983 జూలై 15న ఫామికామ్ అను ఆటపెట్టెను అంగళ్ళకు తెచ్చెను. విశేషమేమనగా, ఆ పెట్టెలో తాళము చిప్పు లేనే లేదు. స్వదేశమున తాళము లేకుండ పుట్టిన పెట్టెకు పరదేశమున తాళమేల వచ్చెనో వినుడు.

ఆ 1983లోనే అమెరికాలో ఆటల వ్యాపారము కుప్పకూలెను. ఎవరు పడిన వారు నాసిరకపు ఆటలు చేసి అంగళ్ళు నింపిరి. కొనువారు విసిగిరి. సరకు పేరుకొనిపోయెను. అటారీ సంస్థ అమ్ముడుపోని క్యాసెట్టులను బండ్లకెత్తి న్యూ మెక్సికో రాష్ట్రములోని అలమొగార్డో పట్టణమున నేలలో పాతించెను. 2014లో త్రవ్విచూడగా అవి నిజముగనే బయటపడెను. అట్టి శ్మశానముపై క్రొత్త దుకాణము తెఱువబోవు వాడు జాగ్రత్తపడుట సహజమే. 1985లో నింటెండో వారు న్యూయార్కు నగరమున తమ పెట్టెను క్రొత్త రూపముతో అమ్మకమునకు పెట్టినప్పుడు, అందులో నొక కాపలాచిప్పును అమర్చిరి.

దాని పనితీరు మన పురాణములలోని ద్వారపాలకుని తీరే. పెట్టెలో నొక చిప్పు, క్యాసెట్టులో దానికి జతయైన చిప్పు. పెట్టె వెలిగిన తోడనే రెండును ఒకే రహస్యగణితమును మొదలుపెట్టి, అంకెల ధారను ఒండొంటికి వినిపించుచు పోల్చుకొనును. ధారలు సరిపోలినంతసేపు ఆట సాగును. ఒక్కచోట తేడా వచ్చినను, జతచిప్పు లేకపోయినను, పెట్టెలోని చిప్పు యంత్రమును మొదటికి నెట్టివేయును. సెకనుకొకమాఱు అట్లు నెట్టుచునే యుండును. తెర వెలుగును, ఆఱును, వెలుగును, ఆఱును.

ఈ తాళము రెండు పనులు చేసెను. నింటెండో వారి యనుమతి లేనివాడు ఆ పెట్టెకు ఆట చేసి యమ్మలేకుండుట మొదటిది. అనుమతి పొందిన వానికిని అమెరికాలో ఏడాదికి ఐదు ఆటలే యని హద్దు పెట్టిరి. చెత్తసరకు రాకుండ అడ్డుట దీని సాకు. సాకులో కొంత నిజమును కలదు. రెండవ పని వేఱు. ఒక్కొక్క సీమకు ఒక్కొక్క రహస్యగణితమును నియమించిరి. అమెరికాకు ఒకటి; బ్రిటను, ఇటలీ, ఆస్ట్రేలియాలకు ఒకటి; తక్కిన ఐరోపాకు మఱియొకటి. బ్రిటనులోను జర్మనీలోను టెలివిజను ఒకే 50 లెక్కది, ఒకే పాల్ పద్ధతిది. అయినను బ్రిటనులో కొన్న క్యాసెట్టు జర్మనీ పెట్టెలో నాడలేదు. టెలివిజను భేదమే కారణమైనచో ఈ తాళ మక్కఱలేదు. ఏ సీమ సరకు ఆ సీమలోనే, ఆ సీమ వర్తకుని చేతిమీదుగనే, ఆ సీమ ధరకే అమ్ముడుపోవలెనన్న వ్యాపారనీతియే దీనికి మూలమని ఈ యొక్క యుదాహరణముచేత తేటపడుచున్నది.

తాళము పుట్టిన చోటనే తాళము తీయువాడును పుట్టును. మొదట తీయజూచినవారు వర్తకులే. అటారీ గేమ్స్ అను సంస్థ, టెంజెన్ అను పేర 1988లో అనుమతి లేని క్యాసెట్టులను తెచ్చెను. వారి తాళపుచెవి యెట్లు తయారయ్యెనో తర్వాత న్యాయస్థానమున బయటపడెను. వ్యాజ్యము నడచుచున్నదని బొంకి, అమెరికా కాపీరైటు కార్యాలయమునుండి నింటెండో వారి రహస్యలిపి నకలును సంపాదించిరి. యంత్రమును విప్పి స్వబుద్ధితో పరిశీలించుట తప్పు కాకపోవచ్చును గాని, అబద్ధపు పత్రముతో తెచ్చుకొన్న నకలు వారిని కాపాడలేదని 1992లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము తేల్చెను. చేసిన పనికంటె చేసిన విధమే వారికి చేటయ్యెను.

ఇంటిలో కూర్చుండి తీసినవారి మార్గము వేఱు. ఆ కాపలాచిప్పునకు 16 కాళ్ళు కలవు. పెట్టెలోని తాళముగను క్యాసెట్టులోని చెవిగను పనిచేయునది ఒకే జాతి చిప్పు. తాను తాళమో చెవియో దానికి తెలియజెప్పునది నాలుగవ కాలు. ఆ కాలిని పలకనుండి విడదీసి, విద్యుత్తు లేని భూతంతువునకు కలిపినయెడల, ద్వారపాలకుడు తానే అతిథినని భావించి, ఎవరిని అడ్డక ఊరకుండును. ఒక్క కాలు, ఒక చిటికెడు మాటు. ఇంత పెద్ద కోట కింత చిన్న దిడ్డితలుపు. అయినను అంతటితో జపాను క్యాసెట్టు అమెరికా పెట్టెలో నాడదు. జపానుదానికి 60 పండ్లు, అమెరికాదానికి 72 పండ్లు. నడుమ నొక మార్పిడిముక్క కావలెను. అమెరికాలో తొలుత అమ్మిన జైరోమైట్ అను ఆట క్యాసెట్టులలో కొన్నింటిని విప్పగా, లోపల జపాను పలకయే అట్టి మార్పిడిముక్కకు తగిలింపబడి యుండెను. హద్దు పెట్టినవారే తొందరలో హద్దు దాటిరన్నమాట.

ఇక సేగా వారి కథ. వారి మెగా డ్రైవ్ అను పెట్టె జపానులో 1988 అక్టోబరు 29న వెలువడెను. 1989లో అమెరికాకు జెనెసిస్ అను పేరను, 1990లో ఐరోపాకు మరల మెగా డ్రైవ్ అను పేరను చేరెను. మూడు సీమలలోను లోపలి మెదడు ఒక్కటే. పలకపై రెండు చిన్న తావులయందు మాత్రము తీగె కలుపుటలో భేదము. ఒక తావు జపానా, విదేశమా యని చెప్పును. రెండవ తావు 60 లెక్కయా, 50 లెక్కయా యని చెప్పును. జపాను, 60 యనిన జపాను పెట్టె. విదేశము, 60 యనిన అమెరికా పెట్టె. విదేశము, 50 యనిన ఐరోపా పెట్టె. ఆటలోని వ్రాత ఈ రెండు గుర్తులను చదివి, తన సీమ కానిచో తెరపై నిషేధవాక్యమును చూపి ఆగిపోవును. తొలినాటి యాటలు చాలవఱకు ఈ విచారణ చేయలేదు, తర్వాతివి చేయసాగెను.

పని తెలిసినవారు ఏమి చేసిరనగా, ఆ రెండు తావులలోని తీగెగీతను కత్తికొనతో తెంపి, సోల్డరింగు ఐరనుతో మాటువేసి, రెండు చిన్న స్విచ్చులను బిగించిరి. దానితో నొకే పెట్టె మూడు సీమల పెట్టెగా మాఱెను. అఱ యిఱుకై జపాను క్యాసెట్టు దూఱనిచో, కొందఱు అంచును ఆకురాయితో అరగదీసిరి. ఇట్లు చేసినవారికి వింతలు కనబడెను. స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ రెండవ భాగమను నాట, స్విచ్చిని జపాను వైపునకు త్రిప్పగానే బేర్ నకల్ అను తన జపాను పేరుతో తెరపై నిలిచెను. ఒకే క్యాసెట్టు రెండు పేర్లను కడుపున దాచుకొని, ఇంటిని బట్టి పేరు చెప్పుచుండెను.

అంతకంటె గొప్ప సంగతి వేగమునకు సంబంధించినది. ఈ యాటలు తెర గీతను గడియారముగా పెట్టుకొని నడచును. 60 మాఱులకు తగినట్లు కూర్చిన యాటను మార్పులేమియు చేయక 50 మాఱుల పెట్టెలో నడపిన, జపాను బాలునికి 50 సెకనులలో ముగియు ఘట్టము ఐరోపా బాలునికి 60 సెకనులు పట్టును. పాటయు అట్లే సాగదీయబడును. ద్రుతమున పాడవలసిన కీర్తనను విళంబమున పాడినట్లు. 625 గీతల తెరను నింపుటకు చాలని బొమ్మ నడుమ అణగియుండి, పైనను క్రిందను నల్లని పట్టీలు నిలిచెను. 1991లో వచ్చిన సోనిక్ అను ఆట వడికి పేరుగాంచినది. ఐరోపాలో దానిని పూర్తివెల యిచ్చి కొన్న పిల్లలు ఆ వడిని చూడలేదు. ఆ సంగీతమును దాని నిజమైన కాలములో వినలేదు. పెట్టె వెనుక నొక స్విచ్చి త్రిప్పినప్పుడు, తామింతకాలము విన్నది సాగిన పాట యని వారికి తెలిసెను. ఇందులో నెవరి ధనమును అపహరింపబడలేదు. కర్త కూర్చిన రీతిగా కృతిని చూచిరి, అంతే.

నింటెండో వారి రెండవ పెట్టె జపానులో 1990లోను, అమెరికాలో 1991లోను, ఐరోపాలో 1992లోను వెలువడెను. జపాను, అమెరికాలకు చిప్పు ఒక్కటే. అడ్డు ఆకారమున మాత్రమే. అమెరికా పెట్టె యఱలో రెండు ప్లాస్టిక్ పంటిముక్కలు జపాను క్యాసెట్టును దిగనీయవు. వానిని కటింగ్ ప్లేయరుతో విఱిచినంతనే ఆట నడచెను. తాళము వేసితిని, గొళ్ళెము మఱచితిని యన్న సామెత వంటిదిది. ఈ పెట్టెకై 1995లో వచ్చిన క్రోనో ట్రిగ్గర్ అను గొప్ప కథగల ఆట జపానులోను అమెరికాలోను అమ్ముడయ్యెను గాని, ఐరోపాకు రాలేదు. అచ్చటివారికి అది న్యాయముగా దొరకినది 2009లో, వేఱొక యంత్రముపై. పదునాలుగేండ్లు! అంతవఱకు దానిని చూడగోరిన ఐరోపా బాలునికి పరసీమ సరకును కొని తన పెట్టె ఎల్లను చెఱుపుకొనుటయే దారి.

ఇంతవఱకు తాళము తీయుట నిర్దోషమువలె తోచును. కథ యిచ్చట మలుపు తిరుగును. 1994 డిసెంబరులో సోనీ వారి ప్లేస్టేషను వచ్చెను. అందు క్యాసెట్టు పోయి డిస్కు వచ్చెను. డిస్కులోని జాడను మామూలు యంత్రము వ్రాయలేని విధమున సన్నగా వంకరలు పోనిచ్చి, ఆ వంకరలలో సీమకొకటిగా నాలుగక్షరముల గుర్తును దాచిరి. గుర్తు లేనిది నకలు. వేఱు గుర్తు గలది పరసీమ సరకు. రెండు విచారణలు ఒకే ద్వారమున జరిగెను. కావున ఆ గుర్తును తానే పలుకునట్లు చేసిన చిన్న చిప్పును పెట్టెలో మాటువేసినవానికి, జపాను అసలు డిస్కును నడచును, సందులో అమ్ము దొంగనకలును నడచును. సాధువును దొంగయు ఒకే తాళపుచెవిని పట్టుకొనిరి. ఎవనిని పట్టుకొనవలెను?

ఈ చిక్కు ఆస్ట్రేలియా ఉన్నత న్యాయస్థానమునకు ఎక్కెను. అట్టి చిప్పులను అమర్చిన యొకనిపై సోనీ వారు వేసిన వ్యాజ్యమున, ఆనాటి చట్టములోని నిర్వచనము ప్రకారము ఆ గుర్తు రక్షణసాధనము కాజాలదని 2005లో తీర్పు వచ్చెను. మఱుసటి యేడు 2006లో చట్టము మార్చబడి, రక్షణసాధనములను ఛేదించుట కఠినముగా నిషేధింపబడెను. కాని ఆ చట్టకర్తలు ఒక సూక్ష్మమును మఱవలేదు. పరదేశమున న్యాయముగా కొన్న చలనచిత్రమును గాని ఆటను గాని తమ దేశమున నడువకుండ చేసి, విపణిని సీమలుగా విడదీయుటకు మాత్రమే పనికివచ్చు తాళము ఆ రక్షణక్రిందికి రాదని వ్రాసిరి. దొంగకు వేసిన తాళము వేఱు, కొనుగోలుదారునకు వేసిన తాళము వేఱు అని ఒక దేశపు చట్టమే అంగీకరించినదన్నమాట.

మన దేశమున 2012లో కాపీరైటు చట్టమునకు 65ఎ అను సెక్షను చేర్చబడినది. కర్త హక్కులకు భంగము కలిగింపవలెనను నుద్దేశముతో రక్షణసాధనమును ఛేదించినవానికి రెండేండ్ల వఱకు ఖైదును, జుల్మానాయు విధింపవచ్చును. ఉద్దేశము అన్న మాటను గమనింపుడు. మన ధర్మశాస్త్రములును కర్మతోబాటు సంకల్పమును తూచినవే గదా.

మన తెలుగు పట్టణములలోని పిల్లలకు ఈ తాళపు బాధ అంతగా తెలియలేదు. ఏలయన, 1990 తర్వాతి యేండ్లలో మన బజారులలో విరివిగా అమ్ముడైన ఆటపెట్టెలు ఫామికామును చూచి వేఱువారు చేసిన పోలికపెట్టెలు. 60 పండ్ల క్యాసెట్టు, తాళము లేని అఱ. ఒకే క్యాసెట్టులో అనేకమైన ఆటలు. అందులో పెక్కు కర్తల యనుమతి లేనివే. తాళము లేని స్వేచ్ఛయు, అనుమతి లేని నకలును కలిసియే మన యిండ్లకు వచ్చినవి. ఒకదానిని మెచ్చుకొని రెండవదానిని మఱచుట చరిత్రకారునకు తగదు.

తాళములు క్రమముగా సడలినవి. నింటెండో వారి చేతియాటయంత్రమైన గేమ్ బాయ్‌కు 1989లో సీమ తాళము లేదు. వారే 2011లో 3డిఎస్ అను చేతియంత్రమునకు తాళము వేసిరి. మరల 2017లో స్విచ్ అను యంత్రమునకు తీసివేసిరి. సోనీ వారు 2006లో ప్లేస్టేషను 3తో ఆట డిస్కులకు ఆ కట్టడిని చాలవఱకు విడిచిరి. క్రొత్త టెలివిజనులలో అనేకములు 50ని, 60ని రెండింటిని చూపగలవు. అనగా ఆ కాలపు ఎల్లలు పాత పెట్టెలలో మాత్రమే మిగిలియున్నవి.

మీ మనుమలలో ఎవరైన అట్టి పాత పెట్టెను తెచ్చి విప్పజూచిన, రెండు మాటలు చెప్పుడు. జపానులో ఇండ్ల విద్యుత్తు 100 వోల్టులు, అమెరికాలో 120, మన దేశమున 230. పరసీమ పెట్టెతో వచ్చిన అడాప్టరును మన ప్లగ్గులో నేరుగా పెట్టినచో, సీమ తాళము తెఱచుకొనుటకు ముందే అది కాలిపోవును. రెండవది: విఱిచిన పన్ను, తెంపిన గీత మరల అతుకుట కష్టము. పెట్టెను కోయక మార్పిడిముక్కతో పని జరుగునెడల అదియే మేలు. పాత వస్తువు ఒక తరము సొత్తు కాదు.

ఇంతకు తేలిన దేమి? టెలివిజను భేదము ఎవరి తప్పును కాదు. దానిని ఒక స్విచ్చి సరిచేసెను. ఆకారభేదము వర్తకుని చిన్న యెత్తు. దానిని ఆకురాయి సరిచేసెను. రహస్యగణితపు తాళము మాత్రము రెండు ముఖములు గలది. ఒక ముఖము కర్త కష్టమును కాపాడెను. రెండవ ముఖము కొన్నవానిని బయట నిలిపెను. సంస్కృతకావ్యమును మన పూర్వులు తెలుగులిపిలో తాటాకులపై వ్రాసికొని చదివిరి. లిపి మార్చినందున కవికి లోపము కలుగలేదు. కావ్యము మఱియొక సీమకు చేరెను. కాని అదే కావ్యమును తనదని చెప్పుకొన్నవానిని చోరకవి యనిరి. ఆటపెట్టెను మార్చినవారిలోను ఈ రెండు తెగలవారు కలరు. వారిని కలగలిపి తిట్టుటయు తగదు, కలగలిపి పొగడుటయు తగదు. తాళము చేయువాడు ఎవనిని అడ్డుచున్నాడో, తెఱచువాడు దేనికొఱకు తెఱచుచున్నాడో విచారించి పలుకుట పెద్దల ధర్మము.